నిలబడి వినడమేనా నా పాత్ర?

ప్రశ్న: నాకు నలభై దాటాయి. చాలా ఏళ్లుగా నాటకాలు వేస్తున్నాను. మొదటిసారి ఒక సినిమాలో చెప్పుకోదగ్గ వేషం వచ్చింది. నిజజీవితంలా, సీరియస్‌గా సాగే పోలీసు క్రైమ్ కథ. కేసు పరిశోధించే ఆఫీసరే హీరో. అతని వెంట ఉండే సీనియర్ పోలీసుని నేను. పద్నాలుగు సీన్లలో ఉన్నాను కానీ నా మాటలన్నీ కలిపినా రెండు పేజీలు రావు. ఒక సీన్లో అనుమానితుణ్ని కొట్టాలి, మిగతావాటిలో దాదాపు నిలబడి వినడమే. ఇందులో నేను చేయడానికి ఏముంది? గుర్తుండిపోయేలా ఏదైనా మేనరిజం పెట్టుకోవాలా? నాలుగు డైలాగులు పెంచమని డైరెక్టర్‌ని అడగొచ్చా? ఒకసారి పోలీసు వేషం వేస్తే ఇక జీవితమంతా అదే ఇస్తారని మిత్రులు భయపెడుతున్నారు. నిజమేనా?
– ఒక రంగస్థల నటుడు

జవాబు: డైలాగుల సంగతి ముందు తేల్చేద్దాం. అడగకండి. అడిగితే ఇవ్వరని కాదు, ఇస్తారు కాబట్టే అడగొద్దంటున్నాను. పరిశోధన కథలో పక్క పాత్రకు అదనంగా దొరికే మాటలు ఎలా ఉంటాయో మీకూ తెలుసు. "సార్, ఆ ఫోన్ చివరిసారి రాత్రి పదకొండింటికి ఆన్‌లో ఉంది సార్." "సార్, బండి నంబరు దొంగది సార్." కథ ముందుకు నడవాలంటే ఇవి ఎవరో ఒకరు చెప్పాలి. ప్రేక్షకుడు ఆ సమాచారాన్ని పట్టుకుంటాడు, చెప్పిన మనిషిని వదిలేస్తాడు. ఇలాంటివి పది చెప్పడం కన్నా ఒక్కటీ చెప్పకుండా ఆ గదిలో ఉండటమే మీకు లాభం.

మేనరిజం కూడా వద్దు. నోట్లో అగ్గిపుల్ల, మెడ విరుపు, కళ్లద్దాలు తీసి తుడవడం లాంటివన్నీ "నన్ను చూడండి" అని చెప్పేవే. కెమెరా అనుకోకుండా అక్కడ ఉంది, ఇదంతా నిజంగానే జరుగుతోంది అన్న భ్రమ మీద నడిచే సినిమాలో ఆ కేక బాగా వినిపిస్తుంది. మీరు ఊహించని ఇబ్బంది ఇంకొకటి ఉంది, కంటిన్యుటీ, అంటే ఒక షాట్‌లో ఉన్నది తర్వాతి షాట్‌లోనూ అలాగే ఉండటం. సీన్ మొత్తాన్నీ దూరం నుంచి తీసే మాస్టర్ షాట్‌లో అగ్గిపుల్ల ఎడమ వైపు, ముఖాన్ని దగ్గరగా తీసే క్లోజ్‌లో కుడి వైపు ఉంటే ఎడిటర్ మీ ముఖం చూపించే అవకాశాన్నే వదులుకుంటాడు. సీన్ మొత్తంలో మీకున్న ఒకే ఒక్క మంచి రియాక్షన్ అలా పోతుంది. చేతులకు ఎంత పని పెట్టుకుంటే ఎడిటింగ్ టేబుల్ మీద అంత నష్టపోతారు.

ఉద్యోగం వల్ల ఒంటికి పట్టిన అలవాటు సంగతి వేరు. ఏళ్ల తరబడి గంటలకొద్దీ నిలబడ్డ మనిషి ఏ గదిలోకి వెళ్లినా ఆనుకోవడానికి గోడ ఎక్కడుందో చూసుకుంటాడు. తలుపుకు వీపు పెట్టి కూర్చోడు. ఎవరింటికైనా వెళ్తే మాట్లాడుతున్నవాళ్ల ముఖం కన్నా ముందు వాళ్ల చేతులు చూస్తాడు. ఇవి ఎవరూ గమనించకపోయినా ఫరవాలేదు. మీరు నటిస్తున్నట్టు కాకుండా ఆ ఉద్యోగం చేసి చేసి ఉన్నట్టు కనిపిస్తారు.

మీ పాత్రలో ఉన్న పని ఇక్కడి నుంచే మొదలవుతుంది. హీరోకి ఇది జీవితాన్ని తలకిందులు చేసే కేసు. మీ పాత్రకు మాత్రం ఈ నెలలో వచ్చిన కేసుల్లో ఒకటి. హీరో నిద్రపోడు, గోడల మీద ఫొటోలు అంటిస్తాడు, పై అధికారులతో గొడవ పడతాడు. మీరు మటుకు రిపోర్టు పూర్తి చేయాలి, డ్యూటీ దిగాలి, రేపు మళ్లీ రావాలి. ఈ మామూలుతనాన్ని ఎవరో ఒకరు మోయకపోతే సినిమా నిజమనిపించదు. అందరూ పళ్లు బిగించి, కళ్లు ఎర్రజేసి తిరుగుతుంటే హీరో ఆవేశానికి కొలత ఉండదు. అతను హద్దు దాటుతున్నాడని ప్రేక్షకుడికి తెలిసేది హద్దు లోపల నిలబడ్డ మీ వల్లే.

1971లో వచ్చిన 'ద ఫ్రెంచ్ కనెక్షన్' మీరు చూసే ఉంటారు. చూడకపోతే షూటింగ్‌కి ముందు చూడండి. అందరూ జీన్ హ్యాక్‌మన్‌ని చూస్తారు, మీరు మాత్రం అతని పార్ట్‌నర్‌గా వేసిన రాయ్ షైడర్‌నే చూడండి. హ్యాక్‌మన్ ఎగిరెగిరి పడుతుంటే షైడర్ ముఖంలో ఆశ్చర్యం ఉండదు. వీడు ఇంతే, ఎప్పటి నుంచో ఇంతే అన్నట్టు ఉంటుంది. ఆ అలవాటుపడ్డ ముఖమే ఇద్దరి మధ్య ఎన్నేళ్ల స్నేహముందో చెబుతుంది. ఫ్లాష్‌బ్యాక్ అవసరం లేకుండా పోయింది. హ్యాక్‌మన్‌కి ఉత్తమ నటుడిగా ఆస్కార్ వచ్చింది, షైడర్ సహాయ నటుడి విభాగంలో నామినేట్ అయ్యాడు. షూటింగ్‌కి ముందు ఇద్దరూ ఆ కథకు మూలమైన న్యూయార్క్ డిటెక్టివ్‌లు ఎడ్డీ ఈగన్, సోనీ గ్రాసోలతో కలిసి తిరిగారు. అసలు డిటెక్టివ్‌లిద్దరూ సినిమాలో చిన్న వేషాలు కూడా వేశారు.

జపాన్ దర్శకుడు కురొసావా 1949లో తీసిన 'స్ట్రే డాగ్'లోనూ ఇదే అమరిక కనిపిస్తుంది. తుపాకీ పోగొట్టుకుని అల్లాడిపోయే కుర్ర డిటెక్టివ్‌గా తోషిరో మిఫునే, పక్కన తొందర లేని పెద్ద డిటెక్టివ్‌గా తకాషి షిమురా. అనుమానితురాలితో షిమురా మాట్లాడే తీరు చూడండి. బెదిరింపు ఉండదు, కబుర్లు చెబుతున్నట్టే ఉంటుంది. అవతలి మనిషి అలసిపోయే దాకా ఆగగలగడం అతని అనుభవం. పోలీసు పాత్ర అనగానే గొంతు పెంచాలనుకునేవాళ్లకు ఈ ఒక్క నటన చాలు.

ఇప్పుడు మీ హోంవర్క్. పద్నాలుగు సీన్లు ఒక పుస్తకంలో విడివిడిగా రాసుకోండి. ప్రతిదాని కింద ఈ సంగతులు ఉండాలి. ఈ సీన్ మొదలయ్యే సమయానికి మీ పాత్రకు కేసు గురించి ఏం తెలుసు, ఏం తెలియదు? తెలిసినా ఎవరితో చెప్పడం లేదు? ఇక్కడికి ఎక్కడి నుంచి వచ్చాడు, డ్యూటీ ఎక్కి ఎన్ని గంటలైంది? ఇది పరీక్షకు రాసే నోట్స్‌లా అనిపించవచ్చు. కానీ షూటింగ్ వరసలో జరగదు. మొదటి రోజే క్లైమాక్స్‌కి ముందు సీన్ తీస్తారు, ఆఖరి రోజు మీ పరిచయ సీన్ తీస్తారు. మామూలు సినిమాలో ఇది చిన్న ఇబ్బంది. క్రైమ్ కథలో పెద్దది, ఎందుకంటే ప్రేక్షకుడు ప్రతి ముఖంలోనూ ఆధారం వెతుకుతుంటాడు. హంతకుడెవరో స్క్రిప్ట్ చదివిన మీకు తెలుసు, అయిదో సీన్లో మీ పాత్రకు తెలియదు. హంతకుడి వైపు మీరు అరక్షణం ఎక్కువ చూసినా, థియేటర్లో తెలివైనవాడు ఒకడు పక్కవాడి చెవిలో చెప్పేస్తాడు.

దీనికి మీ డైలాగ్ షీట్ ఒక్కటే సరిపోదు. పూర్తి స్క్రిప్ట్ అడగండి. ఇవ్వకపోతే, చాలాచోట్ల ఇవ్వరు, మీ ప్రతి సీన్‌కీ ముందు వెనక ఏం జరుగుతుందో కో-డైరెక్టర్‌ని కూర్చోబెట్టి చెప్పించుకోండి. డైరెక్టర్‌తో మాట్లాడే అవకాశం దొరికితే నిడివి గురించి కాకుండా రెండు విషయాలు అడగండి. ఈ ఇద్దరూ ఎంతకాలంగా కలిసి పనిచేస్తున్నారు? హీరో పద్ధతులు నా పాత్రకు నచ్చుతాయా, నచ్చకపోయినా సర్దుకుపోతున్నాడా? రెండో ప్రశ్నకు వచ్చే జవాబుని బట్టి మీ పద్నాలుగు సీన్లూ మారిపోతాయి. ఇలా అడిగే నటుణ్ని డైరెక్టర్లు గుర్తుపెట్టుకుంటారు కూడా.

వినడం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మీ భయమంతా దాని మీదే. నాటకంలో వినడాన్ని చూపించాలి. చివరి వరసలో కూర్చున్నవాడికి తెలియాలి కాబట్టి తల ఊపుతాం, శరీరాన్ని మాట్లాడేవాడి వైపు తిప్పుతాం. క్లోజ్‌లో అదే చేస్తే బొమ్మలా ఉంటుంది. కెమెరా ముందు చూపించక్కర్లేదు, నిజంగా వింటే చాలు. అయితే ఊరికే వినడం కూడా కుదరదు, దేనికోసమో వినాలి. పోలీసువాడు ఎదుటివాడి మాటల్లో పొసగని చోటు కోసం వింటాడు. ఇందాక ఒక్కడినే ఉన్నానన్నాడు, ఇప్పుడు "మేము" అంటున్నాడేంటి? ఆ "మేము" దగ్గర మీ కళ్లలో ఏదో కదలాలి. వాక్యం పూర్తయ్యాక కాదు, ఆ మాట పడ్డ క్షణంలోనే. మనుషులు ఫుల్‌స్టాప్ దాకా ఆగి అర్థం చేసుకోరు. ప్రతి సీన్లో మీకు పనికొచ్చే ఆ ఒక్క మాటకి పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. కదలికకు ముందు ఒక క్షణం, తర్వాత ఒక క్షణం స్థిరంగా ఉండండి. ఎడిటర్‌కి కత్తిరించుకోవడానికి చోటు కావాలి.

అలా వినేవాడికి అప్పుడప్పుడు బహుమతి దొరుకుతుంది. సిడ్నీ లుమెట్ 1975లో తీసిన 'డాగ్ డే ఆఫ్టర్‌నూన్'లో బ్యాంకులో ఇరుక్కుపోయిన దొంగల్లో ఒకడు జాన్ కజాల్. ఏ దేశానికి పారిపోదామని అల్ పచీనో అడిగితే, అమెరికాలోనే ఉన్న ఒక రాష్ట్రం పేరు చెబుతాడు. స్క్రిప్టులో లేని మాట అది. జోక్‌లా చెప్పలేదు, చాలా సీరియస్‌గా చెప్పాడు. జనం నవ్వారు, మరుక్షణం ఆ మనిషి మీద జాలిపడ్డారు. మీరూ సెట్‌లో సొంత డైలాగులు కలపమని చెప్పడం లేదు, దయచేసి కలపొద్దు. పాత్రగా వింటున్నవాడికి జవాబు ఎక్కడి నుంచి వస్తుందో చూడమంటున్నాను. కజాల్ నటించిన సినిమాలు అయిదే. అయిదూ ఉత్తమ చిత్రం ఆస్కార్‌కి నామినేట్ అయ్యాయి, ఆయన మాత్రం ఒక్కసారీ కాలేదు.

సెట్ మీద కొన్ని మెళకువలు. సాధారణంగా ముందు మాస్టర్, తర్వాత హీరో క్లోజ్, సజెషన్లు (ఒకరి భుజం మీదుగా ఇంకొకరిని చూపే షాట్లు), ఆఖరున మీ క్లోజ్ తీస్తారు. అప్పటికి వెలుతురు తగ్గుతుంటుంది, యూనిట్ మొత్తం అలసిపోయి ఉంటుంది, మీకు రెండు టేకులకు మించి దొరకవు. కాబట్టి మాస్టర్‌లోనే అంతా ఖర్చుపెట్టేయకండి. ఫైలు ఏ మాట దగ్గర మూశారో, ఏ చేత్తో మూశారో గుర్తుంచుకోండి. హీరో క్లోజ్ తీస్తున్నప్పుడు మీరు ఫ్రేమ్‌లో లేకపోయినా, అతను చూసి మాట్లాడటానికి ఎదురుగా నిలబడి పూర్తిగా నటించండి. చాలామంది అప్పుడు ఫోన్ చూసుకుంటారు. మీ వంతు వచ్చినప్పుడు ఎదుటివాడు మీకూ అంతే ఇస్తాడు. ఇవ్వకపోతే చేయగలిగిందేమీ లేదు, అసిస్టెంట్ డైరెక్టర్ చదివే డైలాగుకి రియాక్ట్ అవ్వడం కూడా ఈ వృత్తిలో భాగమే. టేక్ కాగానే మానిటర్ దగ్గరికి పరిగెత్తకండి. మీ ముఖం మీకు నచ్చడం మొదలయ్యాక వినడం ఆగిపోతుంది.

పోలీసులా కనబడటం గురించి బెంగ వద్దు. మైకేల్ మన్ తీసిన 'థీఫ్' 1981లో వచ్చింది. అందులో నేరస్థుల ముఠాలో ఒక అనుచరుడిగా చిన్న వేషం వేసిన డెనిస్ ఫరీనా అప్పటికి షికాగోలో నిజమైన పోలీసు. లంచగొండి పోలీసుగా వేసిన జాన్ శాంటుచ్చి ఒకప్పుడు నిజమైన దొంగ. పోలీసు దొంగయ్యాడు, దొంగ పోలీసయ్యాడు, చూసేవాళ్లకు ఎవరూ అతకనట్టు అనిపించలేదు. మీసం, గొంతు, నడక అన్నీ తర్వాతి సంగతులు. బేడీలు చూడకుండా వేయగలరా? వాకీటాకీలో మాట్లాడుతూ మరో చేత్తో రాసుకోగలరా? శవం ఉన్న గదిలోకి వెళ్లినప్పుడు ముందు ఏం చేస్తారో, ఏం ముట్టుకోరో తెలుసా? ఈ పనులు చేతులకు అలవాటయ్యే దాకా ఇంట్లో చేయండి. వీలైతే రిటైరైన పోలీసు ఒకరితో మాట్లాడండి. సాహసాల గురించి అడగకండి, ఎలాగూ చెబుతారు. కాగితం పని ఎంత ఉండేదో, నైట్ డ్యూటీలో నిద్ర ఎలా ఆపుకునేవారో అడగండి. పోలీసు కథలు బాగా రాసేవాళ్లలో కొందరు ఆ ఉద్యోగం చేసి వచ్చినవాళ్లే. మలయాళంలో 'జోసెఫ్', 'నాయాట్టు' రాసిన షాహీ కబీర్ పోలీసుగా పనిచేశారు. ఆ సినిమాల్లో స్టేషన్ స్టేషన్‌లా ఉండటానికి అదో కారణం.

ఇక కొట్టే సీన్. మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు కానీ, పద్నాలుగింటిలో అన్నిటికన్నా కష్టమైనది అదే.

ముందు భద్రత. దెబ్బలు తినే నటుడితో కలిసి, కెమెరా లేకుండా, నెమ్మదిగా రిహార్సల్ చేయండి. ఫైట్ మాస్టర్ లేకుండా చేయొద్దు. చెయ్యి నిజంగా తగలక్కర్లేదు. కెమెరా కోణం దూరాన్ని దాచేస్తుంది, చప్పుడు తర్వాత కలుపుతారు, దెబ్బను నిజం చేసేది తిన్నవాడి శరీరమే తప్ప కొట్టినవాడి బలం కాదు. ఎవరికి ఇబ్బందైనా వెంటనే ఆపడానికి ఒక మాట ముందే అనుకోండి. ఆ మాట డైలాగుల్లో లేనిదై ఉండాలి, ఎందుకంటే "వద్దు", "ఆపండి" అని అతను పాత్రగా ఎలాగూ అరుస్తాడు. "నిజంగా కొట్టు, నేచురల్‌గా వస్తుంది" అని ఎవరైనా, దెబ్బలు తినే నటుడే అయినా సరే, అంటే ఒప్పుకోకండి. పది టేకులయ్యాక ఆ నేచురల్ ఎంత వాచి ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు.

తర్వాత నటన. అందరికీ మొదట తోచేది కోపం. తేలికైనది కూడా అదే. కానీ మీ పాత్ర ఈ పని మొదటిసారి చేయడం లేదు. అలవాటైన మనిషి కోపంతో కొట్టడు, పనిలా కొడతాడు. మధ్యలో టైము చూసుకుంటాడు, ఆయాసం వస్తే ఆగుతాడు. చూసేవాడికి వెన్ను జలదరించేది అక్కడ. లేదా అతనికి ఇష్టం లేదు, పై నుంచి ఆర్డర్ వచ్చింది కాబట్టి చేస్తున్నాడు. అప్పుడు దెబ్బ ఒకవైపు, చూపు ఇంకోవైపు ఉంటుంది. తమిళంలో వెట్రిమారన్ తీసిన 'విసారణై' చూడండి. గుంటూరులో చేయని నేరానికి లాకప్‌లో నరకం చూసిన చంద్రకుమార్ రాసుకున్న నవల ఆధారంగా తీశారు. అందులో అజయ్ ఘోష్ పోలీసు అధికారిగా చేసే హింసలో ఎక్కడా నాటకీయత కనిపించదు, అదో దినచర్యలా సాగుతుంది. మరోవైపు తప్పని తెలిసీ వ్యవస్థలోంచి బయటపడలేని ఇన్‌స్పెక్టర్‌గా సముద్రఖని. ఆయనకు ఉత్తమ సహాయ నటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. మీ పాత్ర ఈ ఇద్దరిలో ఎవరి వైపు ఉందో డైరెక్టర్‌ని అడిగి తెలుసుకోండి.

నాదొక అభిప్రాయం కూడా వినండి, ఒప్పుకోకపోయినా సరే. పోలీసు కొట్టగానే ఈలలు పడేలా తీసే సినిమాలు నాకు నచ్చవు. మీ సీన్ అలా రాసి ఉంటే, పద్నాలుగు సీన్ల నటుడిగా మీరు దాన్ని మార్చలేరు. కానీ మీ ముఖంలో ఆనందం లేకుండా చేయగలరు. అది మీ చేతిలోనే ఉంది. షాట్ అయ్యాక ఆ నటుడి పక్కన కాసేపు కూర్చోండి.

తుపాకీ ఉందా లేదా మీరు రాయలేదు. ఉంటే మాత్రం మొహమాటం పనికిరాదు. 1993లో నటుడు బ్రాండన్ లీ, 2021లో సినిమాటోగ్రాఫర్ హలీనా హచిన్స్ సెట్ మీద వాడిన తుపాకీ పేలే చనిపోయారు. బాధ్యుడైన మనిషి మీ కళ్ల ముందు తెరిచి ఖాళీగా చూపించాకే తీసుకోండి. రిహార్సల్‌లో, సరదాకి కూడా ఎవరి వైపూ పెట్టకండి. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు. అసలు పోలీసులూ అలాగే పట్టుకుంటారు కాబట్టి తెర మీద కూడా అదే బాగుంటుంది.

గొంతు గురించి ఒక్క మాట. ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో అంత దూరానికే మాట్లాడండి. డబ్బింగ్ ఉంటే, సీన్లో నిలబడి చెప్పినవి అక్కడా నిలబడే చెప్పండి. మాటలు లేని చోట్ల మీ ఊపిరి, గొంతు సవరింపు కూడా రికార్డు చేయమని అడగండి. మీ పాత్ర సగం వాటిలోనే ఉంది.

మీ మిత్రులు భయపెట్టిన దాంట్లో నిజం లేకపోలేదు. సినిమా ఆడితే, మీరు బాగా చేస్తే, ఏడాది రెండేళ్లు పోలీసు వేషాలే వస్తాయి. హిందీ పోలీసు సినిమా 'అర్ధ్ సత్య'లో విలన్‌గా వేసిన సదాశివ్ అమ్రాపుర్కర్ కనిపించేది కొద్ది సీన్లలోనే. మరాఠీ నాటకరంగం నుంచి వచ్చిన ఆయనకు ఆ పాత్రకే ఫిల్మ్‌ఫేర్ సహాయ నటుడి అవార్డు వచ్చింది, ఆ తర్వాత విలన్ వేషాలు వరసకట్టాయి. అమెరికన్ నటుడు జెర్రీ ఓర్బాక్ న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే సంగీత నాటకాల్లో పాడి, ఆడి, 1969లో నాటకరంగంలో ఇచ్చే టోనీ అవార్డు కూడా తీసుకున్న మనిషి. కానీ 1981లో 'ప్రిన్స్ ఆఫ్ ద సిటీ'లో డిటెక్టివ్‌గా వేశాక, 1992 నుంచి 2004 దాకా టీవీలో ఒకే డిటెక్టివ్ పాత్ర చేశాడు. ఆయన దాన్ని శిక్ష అనుకున్నట్టు ఆ నటనలో ఎక్కడా కనిపించదు. నలభై దాటాక వరసగా పని రావడం ఎంత అరుదో మీకు నేను చెప్పక్కర్లేదు. మొదటి మూడు పోలీసు వేషాలు ఒప్పుకోండి, ఆ మూడూ ఒకే మనిషి కాకుండా చూసుకోండి. నాలుగోది వచ్చినప్పుడు పాత్రలో కొత్త సంగతి ఏముందో అడగండి. నాటకాలు మానకండి, ఇంకో రకం వేషంలో మిమ్మల్ని చూడాలనుకున్నవాళ్లకు చూపించడానికి అదొకటి ఉండాలి. ఆఫీసులకు పంపే ఫొటోల్లో యూనిఫాం ఫొటో ఒక్కటే పెట్టండి, అదీ ఆఖరున.